థప్పి మీది చాయ్

మొన్న చంద్రపూర్‌లో కొత్తగా కట్టిన ఒక గోదాము చూడటానికి నన్ను పిలిచారు. రిటైరైన వాళ్ళని పిలిచి శాలువా కప్పడం ఇప్పుడొక సరదా అయింది కదా, ఆ లెక్కలో. అక్కడ ఒక యంత్రం మీద ప్యాలెట్ పెడితే చాలు, అది గిర్రున తిరుగుతూ సరుకు చుట్టూ ప్లాస్టిక్ పొర చుట్టేస్తోంది. మనిషి చెయ్యి తగలక్కర్లేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అక్కడి సూపర్‌వైజరు, "మీ టైంల ఇదంత ఎట్ల చేసేటోళ్ళు సార్?" అని అడిగాడు.

"నోటితోని చేసేటోళ్ళం బిడ్డా. సగం పని ఒర్లుడుతోనే అయ్యేది" అన్నాను.

అతను నవ్వాడు. నేను మాత్రం అబద్ధం చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న పట్టుకుని వదల్లేదు. గోదాముల్లో కొత్తగా పనికి చేరుతున్న మీలాంటి వాళ్ళకి ఒక్క లోడు సంగతి చెబుతాను, వినండి. నా ఉద్యోగం మొత్తంలో ఎన్ని లారీలు ఎక్కించానో గుర్తు లేదు గానీ, ఆ లోడు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

నేను పని చేసింది సిరొంచలో ఒక సేటు గోదాములో. గోదాము చూసుకునే గుమాస్తాని మా వైపు మరాఠీ వాళ్ళ అలవాటు ప్రకారం దివాన్జీ అంటారు. అలా ఊరంతటికీ నేను దివాన్జీనే. నా అసలు పేరు మా ఆవిడకైనా గుర్తుందో లేదో. వడ్లు, మిర్చి, తునికాకు, సిమెంటు, ఎరువులు, ఏది వచ్చినా మా దగ్గర దిగాల్సిందే, ఏది పోవాలన్నా మా దగ్గర ఎక్కాల్సిందే.

ఇక మా హమాలీలు. బస్తాల మీద బస్తాలు పేర్చి గోడలా నిలబెడతారు చూడండి, దాన్ని మా దగ్గర థప్పి అంటారు. థప్పి కట్టడంలో మా ముకద్దానికి, అంటే హమాలీల పెద్దకి, చుట్టుపక్కల జోడీ లేడు. ఒక వరస బస్తాలు నిలువుగా, దాని మీద వరస అడ్డంగా, మళ్ళీ నిలువుగా వేయించేవాడు. అలా వేస్తే బస్తాలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. ఎలుకలు పరుగెత్తినా, పిడుగు పడినా కదలవు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వాగు అవతలికి వినపడేది. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇద్దరం మాట్లాడుకుంటుంటే తగాదా పడుతున్నామని కొత్తవాళ్ళు విడదీయడానికి వచ్చేవాళ్ళు.

ఆయనకొక ఆచారం ఉంది. ఆయనదేమిటి, ఆయన తండ్రి కాలం నుంచీ వస్తున్నదట. థప్పి పూర్తయ్యాక ముకద్దం దాని మీదికి ఎక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, నిండా పోసిన చాయ్ గ్లాసు తాగాలి. చుక్క ఒలక్కుండా తాగితే థప్పి గట్టిదని అర్థం. అప్పటిదాకా కింద ఎవరూ చాయ్ ముట్టరు, ఇంటికి పోరు. ఆయన ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాకే పని అయిపోయినట్టు. దీన్నే వాళ్ళు 'థప్పి చాయ్' అనేవాళ్ళు. సేటు స్వయంగా గల్లా వదిలి వచ్చి చూసేవాడు. నాకూ ఒకసారి పైకెక్కి తాగాలని ఉండేది గానీ, అది ముకద్దం గద్దె. అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం చివర్లో రేగుంట వైపు అడవి ఊరి నుంచి ఒక అక్క వచ్చింది. వాళ్ళ ఊరి బచత్ గట్‌కి, అంటే ఆడవాళ్ళ పొదుపు సంఘానికి, ఆమె పెద్ద. వాళ్ళంతా ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, నువ్వులూ బెల్లమూ కలిపి లడ్డూలు చేస్తారు. అంతవరకు వారం సంతలో గంపలో పెట్టుకుని అమ్మేవాళ్ళు. ఆ ఏడాది చంద్రపూర్‌లో ఒక వ్యాపారి రుచి చూసి, తన దుకాణాలన్నిటికీ పంపమన్నాడు. అయితే పద్ధతిగా పంపాలన్నాడు. లడ్డూలు పలచటి ప్లాస్టిక్ డబ్బీల్లో, డబ్బీలు అట్టపెట్టెల్లో, అట్టపెట్టెలు ప్యాలెట్ల మీద ఉండాలి. ప్యాలెట్ అంటే కింద వేసే చెక్క పీట. దాని కింద ఫోర్క్‌లిఫ్ట్ బండి నాలుక దూర్చి సరుకంతా ఒక్కసారే ఎత్తుకుంటుంది.

"ఆయన ఒక్కసారే చూస్త అన్నడు అన్నా" అంది అక్క. "లడ్డూలు సాబూత్‌గ చేరాలె. పగిలినయి, నలిగినయి అచ్చినయంటె ఇగ మల్ల అడగ అన్నడు. మా ఊరోళ్ళంత దీని మీదనే ఆశ వెట్టుకున్నరు."

"నీకెందుకు ఫికరు? మా ముకద్దం కాకా కట్టిన థప్పి భూకంపమచ్చినా కదలదు" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

చెక్క పీటలు అల్లపల్లిలో ఒక వడ్రంగి చేసిచ్చాడు. కోత మిల్లులో మిగిలిన టేకు ముక్కలతో చేసినవవి. మా సేటు ఇంట్లో మంచాల కన్నా గట్టిగా ఉన్నాయి. ముకద్దం అట్టపెట్టెని ఒక చేత్తో ఎత్తి, ముఖం చిట్లించాడు.

"గింత అల్కగున్నది, ఇది సరుకా? దీనికి హమాలీ ఎందుకు, మా మనుమరాలు సరిపోతది."

అంటూనే పని మొదలుపెట్టాడు. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం. పెట్టెల థప్పి చూడముచ్చటగా లేచింది. బిగించి తాడు కట్టాడు. నేను చుట్టూ తిరిగి చూసి "వహ్వా" అన్నాను. అక్క ముఖం వెలిగిపోయింది. కింద నుంచి చాయ్ గ్లాసు అందించారు. ముకద్దం పైకెక్కాడు, మధ్యలో బాసింపట్టు వేశాడు, గ్లాసు నోటిదాకా తెచ్చాడు.

కర్రుమని మెత్తటి చప్పుడు అయింది. ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే నడుము దాకా పెట్టెల్లోకి దిగిపోయాడు. చేతిలో గ్లాసు మాత్రం పైకి పట్టుకునే ఉన్నాడు. నిజం చెబుతున్నాను, ఒక్క చుక్క ఒలకలేదు!

హమాలీలు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు అక్క కనపడింది. ఆమె కింద వరస పెట్టె దగ్గర కూర్చుని ఉంది. బిగించిన తాడు కోసుకుపోయిన చోట అట్ట చీలిపోయి డబ్బీలు నలిగి, లడ్డూలు పిండై రాలుతున్నాయి. ఆ పిండిని దోసిట్లోకి పట్టుకుంటోంది. మా నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"పొద్దు పొడవకముందే పోయి పువ్వు ఏరినం కాకా" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది. "ఒక్కొక్కటి చేతుల వట్టి చుట్టినం. ఇగ మా ఊరికి ఏం మొఖం వెట్టుకోని పోవాలె?"

ముకద్దం పెట్టెల్లోంచి ఎలాగో బయటపడి, ఎవరి వైపూ చూడకుండా, చాయ్ నేల మీద పారబోసి వెళ్ళిపోయాడు. అక్క ఆ పిండిని పారెయ్యలేదు. మా అందరికీ తలా గుప్పెడు పెట్టింది. తిన్నాం. ఎంత బాగుందో! ఆ రుచి వల్లే ఇంకా బాధనిపించింది.

పాడైన పెట్టెల లెక్కకి సరిపడా లడ్డూలు మళ్ళీ చెయ్యగలరా అని అడిగాను. ఇళ్ళలో తమ కోసం దాచుకున్న పువ్వు ఉందట, అది తీస్తే సరిపోతుందంది. అయితే ఆపైన చిటికెడు మిగలదు. ఇంకోసారి నలిగితే చెయ్యడానికి ఏమీ ఉండదు. సేటు ఈ గొడవంతా విని, "నలిగినవి లోపటి దిక్కు వెట్టి, మంచివి బయిటికి వెట్టి పంపు దివాన్జీ. ఎవడు చూస్తడు?" అన్నాడు. "డబ్బీ ఇప్పినోడు చూస్తడు సేటు" అన్నాను కొంచెం గట్టిగానే. ఆయన తిరిగి గల్లా దగ్గరికి పోయాడు. నా అదృష్టం కొద్దీ ఆ రోజు మంచి మూడ్‌లో ఉన్నాడు.

అక్క ఊరికి పోయి, కొత్త లడ్డూలతో తిరిగొచ్చేసరికి కూడా ముకద్దం గోదాము ముఖం చూడలేదు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో బల్ల మీద కూర్చుని, చాయ్ కూడా తాగకుండా రోడ్డు చూస్తున్నాడట. నేను వెళ్ళాను.

"ఏంది కాకా, సన్యాసం తీసుకున్నవా?"

"గా అట్టడబ్బలు నాతోని కావు. బస్తాలు రాని, అస్త."

"బస్తాలు రాకపోతె ఈడనే కూసుంటవా?"

"కూసుంట. నీ అయ్య జాగనా?"

ఇంకేముంది, మొదలైంది. హోటలాయన గ్లాసులు తీసి లోపల పెట్టుకున్నాడు. మేం అరుచుకుంటుంటే వెనక నుంచి అక్క వచ్చి మా ఇద్దరి మధ్య బల్ల మీద ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టింది.

"ఒర్లుడు అయినంక జర ఇది చూడున్రి" అంది. పెట్టె మధ్యలో అరచేత్తో నొక్కింది. లోపలికి పోయింది. "ఈడ ఉత్తదే." తర్వాత మూల మీద నొక్కింది. పోలేదు. "ఈడ గట్టిగున్నది. మరి గట్టిగున్న కాడ బరువు వెట్టకుంట ఉత్తదాని మీద ఎందుకు వెట్టినం?"

ముకద్దం తనూ నొక్కి చూశాడు. మధ్యలో నొక్కాడు, మూల నొక్కాడు, నాలుగు మూలలూ నొక్కాడు. నేను పక్కనున్న చక్కెర డబ్బా దాని మూల మీద పెట్టి చూశాను. ముగ్గురికీ ఒక్కసారే తెలిసొచ్చింది. అడ్డం నిలువు వేస్తే పై పెట్టె మూల వచ్చి కింది పెట్టె కడుపు మీద కూర్చుంటోంది. బస్తా అయితే మోస్తుంది. దానికి ఒళ్ళంతా ఒకటే బలం. పెట్టెకి బలమంతా మూలల్లోనే ఉంది.

"అంటె ఇది బస్తా కాదు, ఇల్లు" అన్నాడు ముకద్దం మెల్లగా. "గుంజ మీద గుంజ నిలవెట్టాలె. నడుమిట్ల వెడితె దూలం ఇరగదా!" అని లేచాడు. లేచి నా వైపు చూసి, "చూస్తవేంది దివాన్జీ? పా, లారి వోతది" అన్నాడు. ఇంతసేపూ ఆలస్యం నేనే చేసినట్టు!

ఈసారి పెట్టె మీద పెట్టె, మూల మీద మూల సరిగ్గా నిలబెట్టాం. అలా నిలబెడితే బరువు మోస్తాయి గానీ ఒకదాన్నొకటి పట్టుకోవు. కుదుపుకి దేనికది పక్కకి వాలిపోతుంది. అందుకే నాలుగు అంచులకీ పొడవాటి చెక్క పట్టీలు ఆనించి, చుట్టూ సాగే ప్లాస్టిక్ పొర బిగించి చుట్టాం. ముకద్దం పెట్టెల వరకే చుట్టి ఆపేశాడు. కింద పీటని కూడా కలిపి చుట్టాలి, లేకపోతే బండి గుంతలో పడగానే సరుకు పీట మీంచి జారుతుందని నేను పట్టుబట్టాను. మళ్ళీ కాసేపు అరుచుకున్నాం. చివరికి పీటతో సహా చుట్టాం. పిల్లలూ, ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. సరుకూ పీటా ఒకే ఒళ్ళు అయితేనే ప్రయాణం.

లారీలో పీటల మధ్య సందులు మిగిలాయి. ఆ సందుల్లో ఏం కుక్కాలా అని నేను తల గోక్కుంటుంటే, ముకద్దం గోనె సంచుల్లో వరిగడ్డి దట్టించి, పరుపుల్లా కుట్టించి, కదలకుండా దూర్చాడు. తాడు పెట్టెలని కొయ్యకుండా పైన పలకలు పరిచి, పలకల మీదుగా కట్టాడు. ఎంతైనా ఆయన చేతిలో తాడు పడితే దానికి బుద్ధి వస్తుంది.

పని అయింది. ఎవరూ కదల్లేదు. ఎవరో అలవాటు కొద్దీ నిండు గ్లాసు చాయ్ తెచ్చి ముకద్దం చేతిలో పెట్టారు. హమాలీలంతా ఆయన్నే చూస్తున్నారు. థప్పి చాయ్ కాకుండా వాళ్ళు ఇంటికి పోయిన రోజు లేదు. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎక్కొద్దని చెప్పడానికి ఆయన పెద్దరికం అడ్డం వచ్చింది, ఊరుకోవడానికి భయం. 

ముకద్దం లారీ వైపు చూశాడు, గ్లాసు వైపు చూశాడు. తర్వాత ఆ గ్లాసు డ్రైవరు చేతిలో పెట్టాడు.

"నేను ఎక్క" అన్నాడు. "ఈడ తాగ. చంద్రపూర్‌ల డబ్బీ ఇప్పి, లడ్డు సాబూత్‌గున్నదని ఈ బిడ్డ చెప్పినంకనే తాగుత. అప్పటిదాక చాయ్ బంద్. మీరు ఇండ్లకు వోన్రి."

ఆ మాట విలువ మీకు తెలియాలంటే ఆయన రోజుకి ఎంత చాయ్ తాగేవాడో తెలియాలి. నీళ్ళు లేకుండా బతకగలడు గానీ చాయ్ లేకుండా పొద్దు గడవదు. హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తువ్వాళ్ళు దులుపుకుని వెళ్ళారు.

తెల్లారుతుండగా బయల్దేరాం. డ్రైవరు, అక్క, నేను ముందు కూర్చున్నాం. ముకద్దం ఎంత చెప్పినా వినకుండా వెనక సరుకు పక్కనే కూర్చున్నాడు. సిరొంచ నుంచి అల్లపల్లి దాకా అప్పటి రోడ్డు గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? రోడ్డు మీద గుంతలు ఉన్నాయనడం తప్పు, గుంతల మధ్య అక్కడక్కడ రోడ్డు ఉండేది. లారీ ఎగిరి పడ్డప్పుడల్లా అక్క కళ్ళు మూసుకునేది. వెనక నుంచి డ్రైవర్ని ముకద్దం తిట్టే తిట్లు వినపడేవి. తిట్లు వినపడుతున్నంతసేపూ సరుకు బాగానే ఉందని మాకు ధైర్యం.

అల్లపల్లిలో ఆపాం. నేను చాయ్ తీసుకుని తాగాను, ఆయన ముందే. ఆయన వాసన రాకుండా ముఖం అటు తిప్పుకుని, తాళ్ళు సవరించుకుంటూ, "తాగు తాగు, నీదేం పోయింది" అన్నాడు. మిగిలిన చాయ్ పారబోశాను. ఆష్టిలో ఆగినప్పుడు ఆయనకి తలనొప్పి మొదలై కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. హోటలు వాడు గ్లాసులు పట్టుకొచ్చాడు. నేను వద్దన్నాను. అక్క వద్దంది. డ్రైవరు మా ముగ్గురినీ చూసి, "ఇదేం పరేషానో నాకు!" అని విసుక్కుని, తనూ వద్దన్నాడు. అలా నలుగురం చాయ్ లేని ముఖాలతో వైన్‌గంగ దాటాం.

చంద్రపూర్‌లో ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి పీటలని ఒక్కొక్కటిగా ఎత్తి దించింది. ఏ పీటా వంకర పోలేదు. అది కాదు మాకు కావాల్సింది. వ్యాపారి తనే వచ్చి, అట్టడుగు వరస నుంచి ఒక పెట్టె తియ్యమన్నాడు. తెలివైనవాడు, బరువంతా పడేది అక్కడేనని తెలుసు. పొర కోశారు, పెట్టె విప్పారు, డబ్బీ తీశారు. మూత తెరిచి, ఒక లడ్డూని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులో చుట్టూ తిప్పి చూశాడు. ఇంకో పెట్టె విప్పించాడు, మళ్ళీ ఇంకోటి. అక్క నా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు.

"సగ్ళ నీట్ ఆహే, మావ్‌షీ" అన్నాడు చివరికి. అంతా బాగుంది పిన్నీ, అని. తర్వాత ఆ లడ్డూని నోట్లో వేసుకుని, పండక్కి ఇంకెన్ని పంపగలరని అడిగాడు.

అక్క గిరుక్కున తిరిగి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఏమైందో అని నేను వెనకే వెళ్ళబోయేలోగా, నిండు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తిరిగొచ్చింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"సాబూత్‌గ ఉన్నయి కాకా. తాగు."

ముకద్దం గ్లాసు అందుకుని చుట్టూ చూశాడు, ఎక్కడ కూర్చోవాలా అని. పెట్టెలు దించేసిన ఖాళీ పీట ఒకటి నేల మీద ఉంది. దాని మీద బాసింపట్టు వేసుకుని, రాజులా కూర్చుని, ఒక్కో గుటకా తాగాడు. ఖాళీ గ్లాసు బోర్లించి మాకు చూపించాడు. తర్వాత కొంచెం పక్కకి జరిగి, పీట మీద అరచేత్తో తట్టాడు.

"రా దివాన్జీ. నువ్వు గూడ కూసోని తాగు."

నేను కూర్చున్నాను. నా జీతం పెరిగిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

అప్పటి నుంచి మా గోదాములో ఆచారం మారింది. బస్తాలకి పాత పద్ధతే. పెట్టెలు పోయిన రోజు మాత్రం అవతల క్షేమంగా దిగాయని కబురు వచ్చేదాకా హమాలీలు చాయ్ ముట్టరు. సేటు మొదట్లో గొణిగాడు గానీ, సరుకు నలిగి వెనక్కి రావడం ఆగిపోయాక చాయ్ ఖర్చు తనే పెట్టుకున్నాడు.

ముకద్దం ఇప్పుడు మంచిర్యాల వైపు కూతురి దగ్గర ఉంటున్నాడు. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. నేనూ రిటైరై ఇంట్లో కూర్చున్నాను. అక్క సంఘం ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటి లడ్డూలూ పంపుతోంది. వాళ్ళ లోడు పోయిన రోజు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోదాము పిల్లలు దారిలో కనపడి, "ఇయ్యాల అక్క లోడు వోయింది దివాన్జీ" అంటారు. ఆ రోజు సాయంత్రం మా ఆవిడ చాయ్ పెట్టనా అని అడగదు. నీళ్ళు స్టవ్ మీద పెట్టి, వెలిగించకుండా, తలుపు దగ్గర నిలబడుతుంది. నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

ఫోను మోగుతుంది. అటు నుంచి అక్క గొంతు.

"చేరినయి అన్నా. కాకాకు గూడ చెప్పిన. ఇగ తాగు."